సంతకానికి ముందు లాగ్‌బుక్

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభలోని మిత్రులందరికీ నమస్కారం. సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వస్తాను.

చిన్న కంపెనీ మొదటి విమానంగా ఏది కొనాలో చెప్పమన్నారు. ముందు, నిరుడు మీవాళ్లు ఎక్కడెక్కడికి, ఎంతమంది కలిసి వెళ్లారో కాగితం మీద పెట్టండి. ఎక్కువగా నలుగురు మనుషులు, ఐదారు వందల కిలోమీటర్లు అని తేలితే పీసీ-12, కింగ్ ఎయిర్ లాంటి టర్బోప్రాప్, అంటే టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం చాలు. ఆ దూరంలో చిన్న జెట్ మిగిల్చేది పావుగంటో, ఇరవై నిమిషాలో. ఇంకో మాట. బ్రోచర్లో ఉన్న సీట్లు, రేంజ్ (ఒకసారి ఇంధనం నింపితే వెళ్లగల దూరం) రెండూ ఒకే ప్రయాణంలో చాలాసార్లు దొరకవు. ట్యాంకులు నిండా నింపితే బరువు హద్దు దాటకుండా కొన్ని సీట్లు ఖాళీగా ఉంచాల్సిందే.

హ్యాంగర్ అంటే విమానం నిలిపే షెడ్డు, బీమా, పైలట్ల జీతాలు, శిక్షణ... వీటి లెక్కలూ రాసుకొచ్చాను. విమానం ఎగరకపోయినా ఇవి ఆగవు. ఆ కాగితం అడిగినవారికి ఇస్తాను. నేను అసలు చెప్పాలనుకుని వచ్చింది వేరే ఉంది.

నేను మెయింటెనెన్స్ ఇంజినీర్ని. నన్ను పిలిచేది ఎప్పుడు? డబ్బు కట్టేశాక! ఒక కంపెనీ పాత జెట్ కొంది. చవకగా వచ్చింది. కొత్త పెయింటు, కొత్త తోలు సీట్లు. టాయిలెట్ దగ్గర కార్పెట్ ఎత్తి, ఫ్లోర్ ప్యానెల్ విప్పి టార్చ్ వేశాను. అడుగున అల్యూమినియం బీమ్ మీద తెల్లటి పొడి. గోటితో గీరితే పొరలు పొరలుగా లేచి వచ్చింది. ఏళ్ల తరబడి నీళ్లు కారి తినేసింది.

అంతకన్నా ఘోరం లాగ్‌బుక్‌లో, అంటే విమానం ఎగిరిన లెక్కలు, చేసిన మరమ్మతులు రాసే పుస్తకంలో ఉంది. ఇంజిన్లో తిరిగే డిస్కులకు ఆయుష్షు సైకిళ్లలో లెక్కిస్తారు. మామూలుగా స్టార్ట్ చేసి, ఎగిరి, దిగి, ఆపితే ఒక సైకిల్. మధ్యలో ఒక యజమాని హయాం నాటి కాగితాలు లేనే లేవు. డిస్కు చూస్తే నిగనిగలాడుతోంది, ఏం లాభం? ఎన్ని సైకిళ్లు తిరిగిందో రుజువు లేకపోతే దాన్ని వాడటానికి వీల్లేదు. రెండు ఇంజిన్లూ విప్పాల్సి వచ్చింది. జీతాలు నడుస్తూనే ఉన్నాయి, విమానం మాత్రం హ్యాంగర్ దాటలేదు. చివరికి అయినకాడికి అమ్ముకున్నారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ముందు ఒక్కరోజు ఆ పుస్తకాలు తిరగేసి ఉంటే ఆ కంపెనీకి ఆ దెబ్బ తగిలేదే కాదు!

వెనక వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకే చెబుతున్నా. ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్, అంటే కొనే ముందు తనిఖీ, చేయించకుండా కొనకండి. అదీ, ఇన్నాళ్లూ ఆ విమానాన్ని చూసుకున్న షాపులో కాదు, దానితో సంబంధం లేని షాపులో. ఇంజిన్లలోకి బోరోస్కోప్, అంటే లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా, పెట్టించండి. డిపాజిట్ ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంచి, తనిఖీలో తేడా వస్తే తిరిగి ఇచ్చేలా రాయించుకోండి. ఇంజిన్ ప్రోగ్రామ్‌కు, అంటే ఇంజిన్ మరమ్మతుల ఖర్చు కోసం ముందే డబ్బు కట్టే పథకానికి, ఎగిరిన గంటల లెక్కన కట్టాల్సింది కట్టారో లేదో ఆ ప్రోగ్రామ్ నడిపేవారి నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. బ్రోకర్ నోటి మాట చాలదు.

అధ్యక్షులవారు గంట కొట్టారు, ఒక్క నిమిషం. మళ్లీ చెబుతున్నా, సంతకానికి ముందు లాగ్‌బుక్! మీలో ఎవరి దగ్గరైనా కొనుగోలు ఒప్పందం ముసాయిదా ఉంటే భోజన విరామంలో నా దగ్గరికి తీసుకురండి. తనిఖీ షరతు ఎలా రాశారో కలిసి చదువుదాం. ఫీజు ఏమీ వద్దు.