ఆకుల పళ్లెం పక్కకి నెట్టకండి

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య మన తెలుగువాళ్లు వియత్నాం బాగా వెళ్తున్నారు. హా లాంగ్ బే గురించీ, హోయ్ ఆన్ లాంతర్ల గురించీ గంటలకొద్దీ చెప్తారు కానీ, తిండి ఎలా ఉందని అడిగితే మాత్రం "ఏముందండీ, చప్పటి సూపు, పక్కన బోలెడు పచ్చి ఆకులు" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఆకుల్ని ముట్టుకోకపోతే చప్పగా కాక ఇంకెలా ఉంటుంది? అక్కడ వంటలో ఆఖరి భాగం తినేవాళ్లకే వదిలేస్తారు. దాన్ని బల్ల దగ్గర కూర్చుని, మన చేత్తో మనమే పూర్తి చేసుకోవాలి.

ఫో సంగతే చూడండి. ఎముకల్ని గంటల తరబడి సన్నని మంట మీద మరిగించి, అల్లాన్నీ ఉల్లిపాయల్నీ నల్లబడేదాకా కాల్చి వేసి, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు పడేసి తీసిన రసం అది. అందులో బియ్యపు నూడుల్స్, పైన మాంసం. దక్షిణాదిన ఉన్న హో చి మిన్ సిటీలో, అంటే పాత సైగాన్‌లో, దానితోపాటు ఓ పళ్లెం వస్తుంది. తులసి జాతి ఆకు, రంపపు అంచున్న పొడుగాటి కొత్తిమీర, పెసర మొలకలు, నిమ్మచెక్క, మిరపకాయ ముక్కలు. ముందు ఏమీ కలపకుండా రెండు చెంచాలు రసం తాగండి, వండినవాళ్ల పనితనం అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఆకుల్ని చేత్తో తుంచి కొద్దికొద్దిగా వేసుకోండి, అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే రసం చల్లారిపోతుంది. సాసు సీసా ఎత్తి గిన్నెలో పోసుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగానే బాధేస్తుంది. చిన్న గిన్నెలో పక్కన పోసుకుని, మాంసం ముక్క అందులో అద్దుకుంటే సరిపోతుంది.

గొడ్డు మాంసం తినని వాళ్లకి ఫో గా ఉంది, అంటే కోడి ఫో. కాకపోతే విదేశాల్లో కొన్ని హోటళ్లలో అన్నిటికీ ఒకటే రసం వాడతారు, అందుకని అడిగి మరీ చెప్పండి.

ఇక ఉత్తరాదిన ఉన్న హనోయి వెళ్తే ఆ ఆకుల పళ్లెమే కనబడదు! ఉల్లికాడలు, కొత్తిమీర, వెల్లుల్లి నానిన వెనిగర్, రసంలో ముంచుకోవడానికి నూనెలో వేయించిన పిండి కడ్డీలు, అంతే. ఫో పుట్టింది ఉత్తరాదిలో. 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి వెళ్లారు, వాళ్లతోపాటు ఫో కూడా వెళ్లి, ఆకుకూరలు విరివిగా దొరికే ఆ నేల మీద కొత్త రుచి పట్టుకుంది. 1975లో సైగాన్ పతనమయ్యాక పడవల మీద, విమానాల్లో దేశం దాటినవాళ్లు ఆ దక్షిణాది పద్ధతినే అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ తీసుకెళ్లారు. అందుకే హ్యూస్టన్‌లోనో, కాలిఫోర్నియా లిటిల్ సైగాన్‌లోనో, సిడ్నీ కాబ్రమాటాలోనో తింటే పళ్లెం నిండా ఆకులు వస్తాయి. హ్యూస్టన్‌లో అలవాటుపడ్డ మనవాళ్లు హనోయిలో ఇది అసలుది కాదేమో అనుకుంటారు, హనోయిలో అలవాటుపడి అమెరికా వెళ్లినవాళ్లు అక్కడిది నకిలీ అంటారు. రెండూ అసలైనవే. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు హోటల్ పెట్టి నిలబెట్టుకున్న రుచిని నకిలీ అనడానికి నాకు నోరు రాదు.

కారం కావాలనేవాళ్లు ఫో మానేసి బున్ బో హ్యూ అడగండి. హ్యూ నగరం వంట అది, నిమ్మగడ్డి, రొయ్యల ముద్ద, ఎర్రటి మిరపనూనె, ఘాటుగా ఉంటుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది బియ్యపు రేకు. మరిగే నీళ్ల కుండ మూతికి గుడ్డ బిగించి కట్టి, దాని మీద బియ్యప్పిండి జావ పలచగా తిప్పి, మూతపెట్టి, చూస్తుండగానే వెదురు పుల్లతో లేపేస్తారు. ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతులు గుర్తొస్తాయి. తర్వాత వెదురు తడికల మీద ఎండబెడతారు, ఆ అల్లిక అచ్చు రేకు మీద అలాగే ఉండిపోతుంది, వెలుతురుకి పెట్టి చూడండి. బల్ల దగ్గర దాన్ని నీళ్లలో ముంచి వెంటనే తీసేయాలి, కాస్త బిరుసుగా ఉండగానే. మెత్తబడేదాకా ఉంచితే చేతికి అంటుకుని చిరిగిపోతుంది, బయటకి తీశాక దానంతటదే మెత్తబడుతుంది. రొయ్యలు, సన్న సేమ్యా, పుదీనా పెట్టి చుట్టి, ఫిష్ సాస్‌లో నిమ్మరసం, చక్కెర, వెల్లుల్లి, మిరపకాయ కలిపిన నీళ్లలో ముంచి తినండి. ఫిష్ సాస్ సీసా మూత తీసి వాసన చూసి బెదిరిపోవద్దు, ఉప్పు వేసి నెలల తరబడి ఊరబెట్టిన చిన్న చేపల సారం అది, విడిగా ఘాటే, కలిస్తే అమృతం.

శాకాహారులకి కష్టమంతా ఆ సాస్‌తోనే. కూరగాయల వంట అన్నా అందులో ఓ చెంచా పడిపోతుంది. మన తూటికూరని వెల్లుల్లితో అద్భుతంగా వేయిస్తారు, దాంట్లో కూడా ఉండొచ్చు. అందుకని 'చాయ్' అని బోర్డున్న హోటల్ వెతకండి, శాకాహారం అని దానర్థం. బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెలలో మొదటి రోజూ, పదిహేనో రోజూ మాంసం ముట్టరు కాబట్టి అలాంటి హోటళ్లకి కొదవలేదు, వంటకాలూ ఎక్కువే.

చివరికి కాఫీ. 1946 ప్రాంతంలో హనోయిలో పాలకి కటకట వస్తే, న్యుయెన్ వాన్ జాంగ్ అనే ఆయన గుడ్డు పచ్చసొనని చక్కెరతో నురుగొచ్చేలా గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు. ఆయన పేరుతో కఫే జాంగ్ ఇప్పటికీ నడుస్తోంది. కప్పుని వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు. అడుగున కాఫీ చాలా చిక్కగా, చేదుగా ఉంటుంది, చెంచాతో కింద నుంచి కలుపుకుని వేడిగా ఉండగానే తాగేయండి. నీచు వాసన వస్తుందేమోనని టెన్షన్ పడకండి, రాదు.

నమస్కారం.