ఓటర్ల జాబితాలో పేరు: రుజువు భారం ఎవరిది?

సభాధ్యక్షులకు, సభకు నమస్కారం.

ఓటు హక్కు మీద ప్రసంగమంటే ఓటు వేయనివారిని మందలించడంతో మొదలుపెట్టడం మనకు అలవాటు. నేను ఆ దారి పట్టను. పోలింగ్ కేంద్రం దాకా వచ్చి, వరుసలో నిలబడి, తీరా జాబితాలో పేరు లేదని తెలిసి వెనుదిరిగిన మనిషి గురించి మాట్లాడతాను. తాను ఓటరునని అతడే రుజువు చేసుకోవాలా, కాడని ప్రభుత్వం రుజువు చేయాలా? ఏ దేశం ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పుకుందో చూస్తే, అక్కడ ఓటు ఎంత భద్రంగా ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

జాతి, వర్ణం కారణంగా ఓటు నిరాకరించరాదని అమెరికా 1870లోనే రాజ్యాంగాన్ని సవరించుకుంది. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో అత్యధిక నల్లజాతి పౌరులకు దశాబ్దాల తరబడి ఓటు అందలేదు. వారిని పేరెత్తి నిషేధించే అవసరమే రాలేదు. ఓటు వేయాలంటే పోల్ ట్యాక్స్ అనే పన్ను కట్టాలన్నారు, అక్షరాస్యత పరీక్షలో నెగ్గాలన్నారు. 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగమైతే అందులోని ఏదో ఒక భాగాన్ని చదవాలని, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలని షరతు పెట్టింది. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది నమోదు అధికారి. నా దృష్టిలో పరీక్ష కన్నా ఆ అధికారి విచక్షణే ప్రమాదకరం, ఎందుకంటే దానిపై కోర్టులో వాదించడానికి పట్టు దొరకదు. 1965 ఆగస్టు 6న వచ్చిన ఓటు హక్కుల చట్టం ఆ ప్రాంతాల్లో పరీక్షలను నిలిపివేయడంతో ఆగలేదు. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా, ఆ మార్పులో వివక్ష లేదని తామే చూపించి ఫెడరల్ ప్రభుత్వం నుంచో, వాషింగ్టన్ కోర్టు నుంచో ముందే అనుమతి తెచ్చుకోవాలంది. రుజువు భారం పౌరుడి నుంచి ప్రభుత్వానికి మారింది. ఫలితం ఎంత వేగంగా వచ్చిందంటే, మిసిసిపీలో అర్హులైన నల్లజాతివారిలో నమోదైనవారు చట్టానికి ముందు వందకు ఏడుగురైనా లేకపోగా, 1967 నాటికి అరవై మంది దాకా అయ్యారు. 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు, ఈ నియమం ఏ ప్రాంతాలకు వర్తించాలో తేల్చే సూత్రాన్ని కాలం చెల్లినదంటూ కొట్టివేయడంతో, భారం మళ్లీ కోర్టుకెక్కే పౌరుడి మీదే పడింది.

మన దేశం మొదటి సార్వత్రిక ఎన్నికల నాడే వేరే దారి ఎంచుకుంది. చదువురాని ఓటరుకు పరీక్ష పెట్టకుండా, 1951-52లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె కేటాయించి దానిపై గుర్తు వేశారు. జాబితా తయారీ కూడా ప్రభుత్వం పనే. సిబ్బంది ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. అయితే ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, కూతురిననో రాయించుకున్నారు. అలాంటి నమోదులను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది ఓటు లేకుండా మిగిలారు. స్త్రీకి సొంత పేరుతోనే గుర్తింపు ఉండాలన్న ఆయన పట్టుదలను నేను తప్పుపట్టలేను. కానీ ఆ పట్టుదలకు మూల్యం చెల్లించింది ఆ స్త్రీలే. జాబితా ప్రక్షాళన అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ సంఖ్య గుర్తొస్తుంది. ఒకసారి జాబితాకెక్కిన పేరును విచారణ లేకుండా తీసేయరాదని, నోటీసు ఇచ్చి ఆ మనిషి చూపే ఆధారాలను పరిశీలించాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పేరున్నంత మాత్రాన ఓటు పడదు. రోజు కూలీకి వరుసలో గడిచే ప్రతి గంటా ఒక పన్ను లాంటిదే. ఆస్ట్రేలియాలో పోలింగ్ శనివారం జరుగుతుంది. 1924లో ఓటును తప్పనిసరి చేశాక, 1922లో అరవై శాతం లోపున్న పోలింగ్ 1925లో తొంభై దాటింది. నిర్బంధం మీద నాకు అనుమానాలున్నాయి గానీ, ఓటు వేసి తీరాలని పౌరుణ్ని శాసించిన ప్రభుత్వానికి, అతడు వేయగలిగేలా ఏర్పాట్లు చేయక తప్పదన్నది కాదనలేను. మన దగ్గర ఇంకా తెగని సమస్య వలస కార్మికుడిది. అతడు ఓటు కోసం సొంతూరికి ప్రయాణం కట్టాలి, లేదా పని దొరికిన చోటల్లా కొత్తగా నమోదు చేసుకోవాలి.

ఇక మొదట చెప్పిన మనిషి సంగతి. తన పేరుతో ఇంకెవరో ముందే ఓటు వేసి వెళ్లినట్టు తేలితే, మన నిబంధనల ప్రకారం అతడు టెండర్డ్ ఓటు, అంటే విడిగా భద్రపరిచే బ్యాలెట్ పత్రంపై ఓటు, వేయవచ్చు. జాబితాలో పేరే లేకపోతే ఆ దారి కూడా లేదు. అమెరికాలో 2002 చట్టం ఇలాంటివారికి తాత్కాలిక ఓటు ఇచ్చింది: ఓటును వేరుగా భద్రపరిచి, అధికారులు అర్హత విచారించి, అర్హుడని తేలితే లెక్కలో కలుపుతారు. దీనివల్ల లెక్కింపు ఆలస్యమవుతుంది, స్వల్ప తేడాతో తేలే చోట వివాదాలూ రావచ్చు. అయినా నోటీసు అందకుండా పేరు పోయినవారి వరకైనా దీన్ని మన చట్టంలో చేర్చాలని నేను కోరుతున్నాను.