చెయ్యగలిగీ చెయ్యని అధ్యక్షుడు

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్షుల్లో గొప్పవాళ్లెవరు అంటే మనలో చాలామంది లింకన్, రూజ్‌వెల్ట్, కెనడీ అంటారు. యుద్ధం నడిపినవాళ్లు, పెద్ద పథకాలు పెట్టినవాళ్లు, గొప్పగా మాట్లాడినవాళ్లు గుర్తుంటారు. గ్రోవర్ క్లీవ్‌లాండ్, కాల్విన్ కూలిడ్జ్ పేర్లు ఎవరి నోటా రావు. అధికారం చేతిలో ఉండి కూడా దాన్ని వాడకుండా ఆగిన మనుషులు వీళ్లు. అలా ఆగడానికి మనం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వట్లేదని నా బాధ, అందుకే ఇవాళ వీళ్ల గురించే మాట్లాడతాను.

హవాయి సంగతి తీసుకోండి. 1893 జనవరిలో అక్కడి రాణి లిలియుఓకలానీని కొందరు వ్యాపారులు, లాయర్లు కలిసి గద్దె దింపేశారు. వాళ్ల వెనక చక్కెర తోటల డబ్బుంది, సరిగ్గా ఆ సమయానికే అమెరికా యుద్ధనౌక నుంచి సైనికులు హొనొలులు వీధుల్లోకి దిగారు. నెల తిరక్కుండా హవాయిని అమెరికాలో కలిపేసే ఒప్పందం తయారై సెనేట్ ముందుకు వచ్చేసింది. మార్చిలో క్లీవ్‌లాండ్ అధ్యక్షుడయ్యాడు. ఏమీ అనకుండా ఊరుకుంటే ఒక ద్వీప సమూహాన్ని దేశానికి సంపాదించి పెట్టినవాడిగా చరిత్రలో నిలిచిపోయే అవకాశం అది. ఆయన పదవిలోకొచ్చిన వారం లోపే ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకుని, అసలేం జరిగిందో తెలుసుకోమని ఒక మనిషిని పంపాడు. రాణిని దింపడంలో అక్కడి అమెరికా రాయబారి హస్తం ఉందని తేలింది. డిసెంబర్‌లో కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, సందేశం పంపుతూ, మన దేశం తప్పు చేసిందని ఆయనే స్వయంగా రాశాడు.

ఇక్కడో విషయం ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. రాణికి గద్దె తిరిగివ్వమంటే అక్కడి కొత్త ప్రభుత్వం ససేమిరా అంది. సైన్యాన్ని పంపి దింపొచ్చు, న్యాయం కూడా తన వైపే ఉంది. కానీ కాంగ్రెస్ అనుమతి లేకుండా బలప్రయోగం చేసే హక్కు తనకు లేదని ఆ వ్యవహారాన్ని కాంగ్రెస్‌కే వదిలేశాడు. చెడ్డ పనికి అధికారాన్ని వాడకపోవడం ఒక ఎత్తు, మంచి పని కోసమైనా తనకు లేని అధికారాన్ని లాక్కోకపోవడం ఇంకో ఎత్తు. దీనివల్ల రాణికి రాజ్యమేమీ తిరిగి రాలేదు, 1898లో తర్వాతి అధ్యక్షుడు మెకిన్లీ హవాయిని కలిపేశాడు, అది నిజమే. మరి 1993లో, సరిగ్గా నూరేళ్లకు, అమెరికా కాంగ్రెస్ హవాయి మూలవాసులకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. క్లీవ్‌లాండ్ అన్న మాటకే వాళ్లు నూరేళ్ల తర్వాత వచ్చారు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యట్లేదు. 1894 రైల్వే సమ్మెలో ఇలినాయ్ గవర్నర్ వద్దంటున్నా షికాగోకి కేంద్ర సైన్యాన్ని పంపింది కూడా ఈయనే, అది నాకు అస్సలు నచ్చదు.

కూలిడ్జ్ కథ వేరు. ఆయన 1910లో తండ్రికి రాసిన ఉత్తరంలో, మంచి బిల్లులు పాస్ చెయ్యడం కంటే చెడ్డ బిల్లుల్ని ఆపడం చాలా ముఖ్యం అన్నాడు, అధ్యక్షుడయ్యాక కూడా అలాగే నడిచాడు. ఆయన హయాంలో పన్నులు తగ్గాయి, దాదాపు 2,200 కోట్ల డాలర్లున్న దేశం అప్పు 1,700 కోట్లకు దిగింది. రైతుల పంటకు ప్రభుత్వమే ధర కట్టి మిగులును విదేశాలకు అమ్మే బిల్లును, తను రైతు కుటుంబంలో పుట్టి కూడా, రెండుసార్లు వీటో చేశాడు. ఇక 1927 ఆగస్టులో, మళ్లీ నిలబడితే గెలిచే పరిస్థితిలో ఉండగా, విలేకరుల్ని పిలిచి చిన్న చిన్న కాగితం ముక్కలు పంచాడు. 1928లో పోటీ చెయ్యదలచుకోలేదని అందులో ఒక్క వాక్యం, అంతే. వివరణ లేదు, వీడ్కోలు సభ లేదు.

ఆ వెంటనే 1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది కదా, 1927లో మిసిసిపీ నది వరదలప్పుడు ఆయన కనీసం వెళ్లి చూడలేదు కదా అంటారు. వరదల దగ్గర ఆయన మనసు రాయి చేసుకున్నాడనే నేనూ అనుకుంటాను. మాంద్యానికి కారణాలేమిటన్నది ఆర్థికవేత్తలు ఇప్పటికీ తేల్చుకోని గొడవ. అయితే అధికారాన్ని ఆగకుండా వాడినవాళ్ల వైపు కూడా చూడాలి. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ పెట్టిన ఒక్క సంతకం దారి తీస్తే, సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లు ఇళ్లూ దుకాణాలూ వదిలి ముళ్లకంచెల వెనక శిబిరాల్లోకి పోవాల్సి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. గొప్ప అధ్యక్షుల జాబితాలో ఆయన పేరు ఎప్పుడూ ముందే ఉంటుంది, ఈ సంతకం మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది.

ఇది మనకెందుకు అంటారా? 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలంటూ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. ఆ వీసా మీద ఉన్న మనవాళ్లలో సెలవుకని ఇండియా వెళ్లినవాళ్లకి, రేపోమాపో విమానం ఎక్కాల్సినవాళ్లకి ఆ రాత్రంతా టెన్షనే. ఇది పాత వీసాలకు వర్తించదని ప్రభుత్వం చెప్పేసరికి మర్నాడైంది. కాంగ్రెస్‌లో చర్చ లేదు, ఓటు లేదు. విదేశీయుల రాకను ఆపే అధికారం అధ్యక్షుడికిచ్చిన 1952 నాటి చట్టం ఒకటుంది, దాన్నే ఆసరా చేసుకున్నారు. 2020 జూన్‌లోనూ అదే చట్టం కింద ఆ ఏడాది చివరిదాకా కొత్త హెచ్-1బి రాకల్ని ఆపారు. ఒక్క మనిషి కలం ఇంతమంది బతుకుల మీద నడవగలిగితే, ఆ కలాన్ని ఎప్పుడు కింద పెట్టాలో తెలిసినవాడు మనకు చాలా అవసరమండీ. మనకు అనుకూలంగా నడిచినప్పుడు కూడా ఇదే మాట అనగలగాలి, అది కష్టమే.

ఇక్కడ ఓటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మన సభలకు అభ్యర్థులొస్తారు, ఏమేం చేస్తారో చెప్పి ఫొటోలు దిగి వెళ్తారు. వాళ్లు ఏ పార్టీ అయినా సరే, ఈసారి ఇంకో ప్రశ్న అడగండి: మీ చేతికొచ్చే అధికారాల్లో వేటిని కాంగ్రెస్‌కు తిరిగి ఇచ్చేస్తారు? ఒక్కటైనా పేరు పెట్టి చెప్పమనండి.

నా మాట ఇంతే, మీరు అడగాలనుకున్నవి ఇప్పుడు అడగొచ్చు.