రెండో ఉపగ్రహం ఏది?

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముఖ్యంగా ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం వాతావరణాన్నీ విమానాల రాకపోకలనూ ఒక్కటే కనిపెట్టుకుని ఉండే ఉపగ్రహాలు. జపాన్ వారి ఎంటీశాట్ గురించే చెబుతాను.

భూస్థిర కక్ష్యలో, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించేలా, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పసిఫిక్ తుఫానులు కనిపిస్తాయి. ఆ సముద్రం మీద ఎగిరే విమానాలూ దాని పరిధిలోనే ఉంటాయి. నడిసముద్రంలో రాడార్ అందదు. పైలట్ హెచ్‌ఎఫ్ అనే, చాలా దూరం అందే రేడియోలో గరగరల మధ్య తానెక్కడున్నదీ చెప్పాలి. కంట్రోలర్ ఆ మాట మీదే ఆధారపడి విమానానికీ విమానానికీ మధ్య చాలా దూరం ఉంచాలి. ఉపగ్రహం ఉంటే విమానమే తన స్థానాన్ని పంపుతుంది. జీపీఎస్ లెక్కలోని తేడాలను సరిచేసే సంకేతమూ అక్కడి నుంచే వస్తుంది. అందుకే వాతావరణ శాఖ, పౌర విమానయాన శాఖ ఖర్చు పంచుకున్నాయి. కెమెరా వేరు, రేడియో వేరు; ఎక్కిన రాకెట్ మాత్రం ఒకటే.

అది 1999 నవంబర్ 15. మొదటి ఎంటీశాట్‌ను మోసుకుని జపాన్‌లోని తనేగషిమా ప్రయోగ కేంద్రం నుంచి లేచిన హెచ్-2 రాకెట్ మొదటి దశ ఇంజన్ మధ్యలో ఆగిపోయింది. నేల మీది నుంచి ఆదేశమిచ్చి రాకెట్‌ను పేల్చేయక తప్పలేదు. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. వీళ్లు ఒగసవారా దీవుల దగ్గర, దాదాపు 3,000 మీటర్ల లోతున గాలించి ఆ ఇంజన్‌ను పైకి తీశారు! హైడ్రోజన్ పంపులో ఒక రెక్క విరిగిందని తేల్చారు. విద్యార్థులారా, మీ ప్రయోగం చెడిపోయిన రోజున ఈ సంగతి గుర్తు చేసుకోండి. వాళ్ల పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మరి ఉపగ్రహం మాటేమిటి? అది పోయింది. సిద్ధంగా ఉన్న రెండోది లేదు. నా బాధంతా ఇక్కడే. 1995లో అయిదేళ్ల ఆయుష్షుతో వెళ్లిన పాత వాతావరణ ఉపగ్రహం హిమవారి-5నే 2003 మే దాకా లాక్కొచ్చారు. తర్వాత అమెరికా పక్కన పెట్టిన గోస్-9 వాతావరణ ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకున్నారు. ఎంటీశాట్-1ఆర్ 2005 ఫిబ్రవరి 26న గానీ ఎగరలేదు. అయిదేళ్ల పైచిలుకు! ఆ ప్రాంతంలో తుఫాను ముందు జాగ్రత్తలన్నీ ఉపగ్రహ చిత్రాలతోనే మొదలవుతాయండీ.

2006 ఫిబ్రవరిలో ఎంటీశాట్-2 వెళ్లింది. జీపీఎస్ సవరణ సేవ 2007లో మొదలైంది. ఆ తర్వాత హిమవారి-8, 9 వాతావరణానికే పరిమితమయ్యాయి. సవరణ సంకేతం 2020లో మిచిబికి అనే జపాన్ స్థాన నిర్ణయ ఉపగ్రహ వ్యవస్థకు మారింది. దీన్ని చూపించి, రెండు పనులు కలపడమే పొరపాటంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఎంటీశాట్‌లు రెండూ ఏళ్ల తరబడి రెండు కొలువులూ చేశాయి. కలపడంలో తప్పు లేదు, జోడీ లేకుండా బయల్దేరడంలో ఉంది. రేపు మీలో ఎవరైనా ఇలాంటి ప్రతిపాదన మీద సంతకం పెట్టాల్సివస్తే, రెండో ఉపగ్రహానికి డబ్బు ఏ పద్దులో ఉందో ముందు అడగండి.

సమయం మించింది. ప్రశ్నలుంటే తీసుకుంటాను, విద్యార్థులకే మొదటి అవకాశం.