నలభై ఏళ్ల ఎంపీ, ఇరవై లక్షల చెట్లు: వేల్స్ భూస్వామి థామస్ జోన్స్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. ఈ వారం మనం మాట్లాడుకునేది థామస్ జోన్స్ గురించి. 1748లో పుట్టి 1816లో పోయిన వేల్స్ భూస్వామి, నలభై ఏళ్లు పార్లమెంటు సభ్యుడు. మొదటి ప్రశ్న సూటిగానే అడుగుతాను సార్. అంతకాలం సభలో కూర్చుని ఈయన చేసిందేంటి?

రాజకీయ విశ్లేషకుడు: చెప్పుకోదగ్గది ఏమీ లేదండీ. 1774 ఎన్నికల్లో కార్డిగన్ పట్టణాల సీటు వేరే ఆయనకు వెళ్తే, పిటిషన్ వేసి మరుసటి ఏడాది దక్కించుకున్నారు. 1780లో తండ్రి పోయాక తండ్రిగారి రాడ్నర్‌షైర్ సీటు, 1796 నుంచి పోయేదాకా కార్డిగన్‌షైర్. వీటికి తోడు వేల్స్‌లో రాజుగారి భూముల ఆదాయానికి జీవితకాలం ఆడిటర్ పదవి. అప్పట్లో కౌంటీ (జిల్లా) సీటు అంటే నాలుగు పెద్ద కుటుంబాలు కూర్చుని తేల్చుకునే వ్యవహారం. పోటీ జరిగినా, ఏడాదికి 40 షిల్లింగుల విలువ చేసే భూమి ఉన్నవాళ్లకే ఓటు, అదీ రహస్యంగా కాదు, అందరి ముందూ నోటితో చెప్పాలి. ఎదురుగా భూస్వామి మనుషులు నిలబడి ఉంటే ఎవరు కాదంటారు?

చరిత్ర అధ్యాపకురాలు: అది నిజమే కానీ సార్, సభలో ఏం చేశాడన్న దాంతో ఈయన్ని కొలిస్తే మనిషే కనపడడు. ఆయన బతుకంతా హావోడ్‌లో ఉంది. వేల్స్ పడమటి తీరంలోని అబెరిస్ట్విత్ పట్టణానికి లోపలగా, ఇస్ట్విత్ నది ఎగువన ఉన్న లోయ అది, సీసపు గనులు, గొర్రెలు, బోడి కొండలు. ఈటన్ అనే పెద్దింటి పిల్లల బడిలో చదివిన కుర్రాడు ఇంగ్లండ్‌లో తల్లి వైపు నుంచి వచ్చిన క్రాఫ్ట్ కోటను అమ్ముకుని మరీ ఇక్కడికొచ్చి ఇల్లు కట్టాడు. బాత్ నగరం నుంచి వాస్తుశిల్పి థామస్ బాల్డ్విన్ వచ్చి 1786లో పని మొదలుపెట్టాడు, తర్వాత మరో వాస్తుశిల్పి జాన్ నాష్ ఎనిమిది పలకల లైబ్రరీ చేర్చాడు. 1803 నాటికి సొంత ముద్రణాలయం! ఫ్రెంచి చరిత్రకారుడు ఫ్రువాసార్‌ను తానే ఇంగ్లీషులోకి అనువదించి అక్కడే అచ్చు వేశాడు.

యాంకర్: చెట్ల సంగతి మీరు చెప్పాలి సార్.

రిటైర్డ్ అటవీ అధికారి: నాకు ఈయన మీద గౌరవం అక్కడే. 1795 అక్టోబరు నుంచి 1801 ఏప్రిల్ దాకా నాటిన మొక్కలు 20,65,000. అందులో 12 లక్షలు లార్చ్, పైన్ కుటుంబానికి చెందిన చెట్టు. లార్చ్ ఎందుకంటే కొండ మీది పలచటి మట్టిలో తొందరగా ఎదుగుతుంది, ఈదురుగాలికి ఆగుతుంది, కలప బాగుంటుంది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ చెట్ల పెంపకానికి బంగారు పతకాలు ఊరికే ఇవ్వలేదు. ఫొటో దిగి వెళ్లిపోయే మొక్కలు నాటడం కాదండీ ఇది, మా డిపార్ట్‌మెంటులో అలాంటివి చాలా చూశాను.

విశ్లేషకుడు: డబ్బెవరిదండీ?

అటవీ అధికారి: ఆయనదే కదా.

విశ్లేషకుడు: కౌళ్లు, గనులు, ఆడిటర్ జీతం, ఇవేవీ చాలక అప్పులు. కౌలుదారులు పండించింది తోటలకీ లైబ్రరీకీ పోయింది. 1800లో వాళ్లకి వ్యవసాయం ఎలా చేయాలో సలహాల పుస్తకం కూడా వేశాడు, వాళ్లు తరతరాలుగా ఆ నేలమీద బతుకుతుంటే.

అధ్యాపకురాలు: ఆ పుస్తకాన్ని విలియం ఓవెన్ పియు అనే నిఘంటుకర్త చేత వేల్స్ భాష అయిన వెల్ష్‌లోకి అనువదింపజేశారు, ఎందుకంటే చదవాల్సినవాళ్లకి ఇంగ్లీషు రాదు. యజమాని కనీసం ఆ మాత్రం ఆలోచించాడు. చాలామంది భూస్వాములు లండన్‌లో కూర్చుని కౌలు మాత్రం తెప్పించుకునేవాళ్లు. ఈయన బడి పెట్టాడు, వైద్యుణ్ణి పెట్టాడు. అయితే స్విట్జర్లాండ్ కొండల నుంచి రైతుల్ని తెచ్చి కాపురం పెట్టిద్దామన్న ఆలోచన మాత్రం, ఉన్నవాళ్ల మీద నమ్మకం లేకే వచ్చిందంటాను.

విశ్లేషకుడు: అదే నేనంటున్నది!

యాంకర్: ఇల్లు కాలిపోయిన విషయం...

అధ్యాపకురాలు: 1807 మార్చి 13. మన సార్‌కి నచ్చే సంగతి ఒకటుంది, ఆ రోజు జోన్స్ నిజంగానే పార్లమెంటు పనిమీద లండన్‌లో ఉన్నాడు. భార్య జేన్, కూతురు మరియామ్నే బయటపడ్డారు కానీ వెల్ష్ చేతిరాత ప్రతులు బూడిదయ్యాయి. ఏ ఎన్నికల ఓటమికన్నా అది పెద్ద నష్టం, ఆయనకే కాదు, దేశానికి కూడా. మళ్లీ కట్టాడు. 1811లో మరియామ్నే పోయింది, ఇరవై ఏడేళ్లు, మొక్కల శాస్త్రం బాగా తెలిసిన పిల్ల. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

యాంకర్: ఇప్పుడు అక్కడికి వెళ్తే ఏం కనపడుతుంది?

అటవీ అధికారి: ఇల్లు లేదు, 1958లో పేల్చేశారు. ఆయన వేయించిన నడక దారులున్నాయి, అవి చాలు వెళ్లడానికి. లార్చ్‌కే ఇప్పుడు కష్టకాలం. ఫైటోఫ్తోరా రమోరం అనే తెగులు 2010 నుంచి వేల్స్‌లో లార్చ్‌ను పట్టుకుంది, తోటలకి తోటలు కొట్టేస్తున్నారు. జోన్స్ లార్చ్‌తో పాటు బీచ్, ఓక్ కూడా వేయించడం ఎంత మంచిదయిందో చూడండి.

విశ్లేషకుడు: ఆ ఎస్టేటును తర్వాత 1830లలో ఎవరు కొన్నారో కూడా చెప్పండి. న్యూకాసిల్ డ్యూక్, ఓటు హక్కు సంస్కరణలను చివరిదాకా అడ్డుకున్నవాడు. నలభై ఏళ్లు ఎంపీగా ఉన్నాయన తోట చివరికి అలాంటివాడి చేతికి!

అధ్యాపకురాలు: అమ్మింది జోన్స్ కాదు సార్, ఆయన అప్పటికే పోయాడు.

విశ్లేషకుడు: అప్పులు ఆయనవే కదండీ.