క్యాన్సర్ కణాన్ని ముట్టుకోని కత్తెర

[తెరపై: కణితి బొమ్మ, పక్కన 100 కోట్ల అంకె]

జీన్ ఎడిటింగ్ అనగానే క్యాన్సర్ కణంలోకి దూరి, చెడిపోయిన జన్యువును బాగుచేసి వస్తారని చాలామంది అనుకుంటారు. ఈ వీడియోలో చూపించే చికిత్సలో జరిగేది అది కాదు. ఘన సెంటీమీటరు కణితిలోనే 100 కోట్ల దాకా కణాలుండొచ్చు. నూటికి 99 కణాల్ని సరిచేశామనుకోండి, ఇంకా కోటి మిగులుతాయి. కణితి మళ్లీ పెరగడానికి అవి చాలు.

అందుకే ఇక్కడ కత్తెర పడేది చెడ్డ కణాల్ని వేటాడే మన రోగనిరోధక కణాలైన టీ కణాల మీద. అదీ ఒంట్లో కాదు, ల్యాబ్‌లో.

[తెరపై: డీఎన్ఏ మెట్ల మీద జారుతున్న క్యాస్9]

క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్ పద్ధతిలో కత్తెర పేరు క్యాస్9. ఎక్కడ కోయాలో చెప్పేది గైడ్ ఆర్ఎన్ఏ, అందులో 20 అక్షరాల చిరునామా ఉంటుంది (డీఎన్ఏ రాత ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల్లోనే). చిరునామా కుదిరినా, దాని చివర ఏదో ఒక అక్షరం, వెంటనే రెండు ‘జీ’ అక్షరాలు కనిపించాలి. లేకపోతే క్యాస్9 కోయదు. కనిపిస్తే, వాటికి మూడు అక్షరాల ఇవతల డీఎన్ఏ రెండు పోగులూ తెగుతాయి. కణం కంగారుగా అతికించుకునేటప్పుడు ఒకటో రెండో అక్షరాలు పోవడమో, కొత్తవి చేరడమో జరుగుతుంది. దాంతో జన్యువు మూగబోతుంది. మనకు కావలసింది ఆ పొరపాటే.

[తెరపై: మూడు తాళాలు]

అసలు చిక్కు టీ కణాలకే వచ్చే ల్యుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో. రోగి టీ కణాలతో పని నడవదు, దాత కణాలు తీసుకోవాలి. క్యాన్సర్‌ను గుర్తుపట్టే కార్ (సీఏఆర్) అనే రిసెప్టర్‌ను, అంటే కణం పైన ఉండి గుర్తుల్ని పసిగట్టే ప్రోటీన్‌ను, వాటికి తొడుగుతారు. అది వెతికేది సీడీ7 అనే గుర్తును. తీరా చూస్తే మనం పంపే కణాల మీదా సీడీ7 ఉంది! డిష్‌లోనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కాబట్టి సీడీ7 తీసేయాలి. దాత కణాల సహజ రిసెప్టర్‌ను వదిలేస్తే రోగి ఒంటి మీదే దాడి చేస్తాయి, అదీ పోవాలి. రోగి శరీరం వీటిని తిప్పికొట్టకుండా అలెంటుజుమాబ్ మందు ఇస్తారు. ఆ మందు సీడీ52 అనే ఇంకో గుర్తు ఉన్న ప్రతి కణాన్నీ చంపుతుంది, మన కణాల్ని కూడా. సీడీ52 కూడా పోవాలి.

మూడు చోట్ల కోస్తే ఆరు కొసలు వేలాడతాయి. ఒక క్రోమోజోము కొస ఇంకోదానికి అతుక్కునే ప్రమాదముంది. 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం క్రిస్పర్‌తో మూడు జన్యువులు కోసిన టీ కణాలను ముగ్గురు రోగులకు ఎక్కించిన ఫలితాలు ప్రకటించింది. కొన్ని కణాల్లో సరిగ్గా ఇలాంటి తప్పు అతుకులే కనిపించాయి. రోజులు గడిచేకొద్దీ ఆ కణాలు తగ్గిపోవడం ఊరట.

[తెరపై: సీఏజీ అక్షరాలు టీఏజీగా మారడం, నెమ్మదిగా]

దీనికి విరుగుడు బేస్ ఎడిటింగ్. ఇందులో క్యాస్9 రెండు పోగుల్నీ కోయదు, ఒకదాని మీద గాటు పెడుతుందంతే. దానికి అతికించిన ఎంజైమ్ సీ అక్షరాన్ని టీగా మారుస్తుంది. సీఏజీ కాస్తా టీఏజీ అయితే, ప్రోటీన్ తయారీకి అది ‘ఇక ఆపు’ అనే సంకేతం. కత్తిరించడం కన్నా కొట్టివేత మేలు!

[తెరపై: ల్యాబ్ బెంచి]

ల్యాబ్‌లో దాత టీ కణాల్ని ముందు మేల్కొలుపుతారు. విద్యుత్ తాకిడితో పొరకు క్షణకాలం రంధ్రాలు చేసి ఎడిటర్‌ను కణంలోనే తయారుచేయించే సందేశమైన ఎంఆర్ఎన్ఏను, గైడ్లను లోపలికి పంపుతారు. తాకిడి ఎక్కువైతే కణాలు చస్తాయి, తక్కువైతే సరుకు లోపలికి పోదు. ఎంఆర్ఎన్ఏయే ఎందుకంటే, అది కొద్ది రోజుల్లో కరిగిపోతుంది, ఎడిటర్ అక్కడే తిష్ట వేయదు. కార్ జన్యువును లెంటీవైరస్ అనే, జన్యువుల్ని మోసుకెళ్లే వైరస్ చేరుస్తుంది. చివరగా, పాత రిసెప్టర్ ఇంకా మిగిలిన కణాల్ని అయస్కాంత పూసలతో ఏరేస్తారు. ఈ ఏరివేత కుదరకపోతే, మిగతాదంతా ఎంత బాగా చేసినా రోగికి ముప్పే.

2022లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 13 ఏళ్ల అమ్మాయికి ఈ కణాలు ఎక్కించారు. 28 రోజుల్లో ల్యుకేమియా జాడ లేకుండా పోయింది. అయితే సీడీ7ను వేటాడే కణాలు ఆరోగ్యంగా ఉన్న టీ కణాల్నీ మిగల్చవు. అందుకే వెంటనే, కొత్త రక్త కణాలు పుట్టేలా మూలకణ మార్పిడి చేశారు. అవి పుట్టేదాకా రోగికి రక్షణ దాదాపు ఉండదు. 2023లో వెలువడిన ముగ్గురు రోగుల ఫలితాల్లో ఒకరు చనిపోయింది ఫంగస్ ఇన్ఫెక్షన్‌తోనే.