మెత్తటి ల్యాండింగ్ వెయ్యి అడుగుల ఎత్తులోనే తేలిపోతుంది

అందరికీ నమస్కారం. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానాలు నడిపేవాళ్ళు ఎంతమంది అని అడిగితే ఈ హాల్లో సగానికి పైగా చేతులు లేచాయి కాబట్టి, సిమ్యులేటర్ అంటే ఏమిటో చెప్పి మీ టైమ్ తీసుకోను. ఎయిర్‌బస్ ఎ320 లాంటి పెద్ద విమానాన్ని మెత్తగా ఎలా దింపాలి, ఈ రోజు అదొక్కటే మాట్లాడుకుందాం.

మనవాళ్ళలో ల్యాండింగ్ అవ్వగానే అందరి కళ్ళూ ఒక అంకె మీదకు పోతాయి. చక్రాలు నేలను తాకిన క్షణంలో విమానం నిమిషానికి ఎన్ని అడుగుల చొప్పున దిగుతోందో చెప్పే అంకె. మైనస్ 60 వస్తే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు, కింద 'బటర్, బటర్' (వెన్నలా దిగింది) అని వరసగా కామెంట్లు. మైనస్ 280 వస్తే మొహం వేలాడేసుకుని మళ్ళీ మొదటినుంచి లోడ్ చేస్తారు. ఆ సరదా నాకూ తెలుసు, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళని పాడుచేస్తున్నది ఆ అంకే అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ప్రయాణికుల విమానాల ల్యాండింగ్ గేర్‌ని, అంటే చక్రాలనీ వాటి కాళ్ళనీ, గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా తయారుచేయాలని నిబంధన ఉంది. అంటే నిమిషానికి 600 అడుగులు. దాని పక్కన పెట్టి చూస్తే 150, 200, 250 అన్నీ మామూలు ల్యాండింగులే. అసలు పైలట్‌కి ముందుగా కావలసింది వేరే: సరైన స్పీడు, సెంటర్ లైన్, రన్‌వే మొదట్లోనే చక్రాలు ఆనడం. మెత్తదనం ఆ తర్వాతి సంగతి. ఈ వరస తారుమారైతే ఏమవుతుందో మన దేశంలోనే రెండుసార్లు చూశాం.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడిపోయింది. 158 మంది చనిపోయారు, 8 మంది బయటపడ్డారు. రన్‌వే పొడవు 8,033 అడుగులైతే చక్రాలు ఆనింది సుమారు 5,200 అడుగుల దగ్గర. విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో వస్తోంది, కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ (దింపకుండా మళ్ళీ పైకి లేపడం) అన్నాడు, అయినా దింపేశారు. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో అదే సంస్థ విమానం మరొకటి రన్‌వే దాటి పడిపోయింది. జోరు వాన, వెనక గాలి; 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగుల దగ్గర చక్రాలు ఆనాయి. పైలట్లిద్దరితో కలిపి 21 మంది పోయారు. ఈ రెండు ప్రమాదాలకూ చాలా కారణాలున్నాయి, మెత్తగా దింపాలనే ఆశ వల్లే జరిగాయని నేను అనడం లేదు. చక్రాలు ఎక్కడ ఆనాయన్నది ఎంత పెద్ద విషయమో గుర్తుండటానికి చెప్తున్నాను. మైనస్ 60 కోసం నేలకు మూడడుగుల ఎత్తులో విమానాన్ని తేలుస్తూ పోయే అలవాటు మనకు సిమ్యులేటర్‌లో ఊరికే వచ్చేస్తుంది, ఎందుకంటే అక్కడ దానికి శిక్ష ఏమీ లేదు.

లెక్క చూడండి. 140 నాట్ల వేగం అంటే సెకనుకు సుమారు 72 మీటర్లు. ఇంకాస్త, ఇంకాస్త అని అయిదు సెకన్లు తేలారనుకోండి, 360 మీటర్లు మింగేసినట్టే. శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు, అక్కడ ఈ లోపం ఎవరికీ కనపడదు. అందుకే మనలో చాలామంది మొదట శంషాబాద్‌లో దింపి, ల్యాండింగ్ వచ్చేసిందనుకుని, ఆ తర్వాత మంగళూరు వెళ్ళి కంగారు పడతారు.

సరే, ఎలా నేర్చుకోవాలి? నేలకు 30 అడుగుల ఎత్తులో ముక్కు కాస్త ఎత్తి దిగే వేగం తగ్గించే పనిని ఫ్లేర్ అంటాం కదా, అందరూ దాన్నే పట్టుకుని సాధన చేస్తారు. నా మాట వినండి, ఫ్లేర్‌ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. రన్‌వే కంటే వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు విమానం ఎలా ఉందో చూసుకోండి. గేర్ దిగి ఉందా, రెక్కల వెనక ఫ్లాప్స్ పూర్తిగా పడ్డాయా, స్పీడు దిగడానికి లెక్కవేసుకున్న అప్రోచ్ స్పీడు దగ్గరే ఉందా, ఇంజిన్లు ఐడిల్‌లో పడిపోకుండా కాస్త పవర్‌తో ఉన్నాయా, రన్‌వేకి వరసలో ఉన్నామా, దిగే రేటు నిలకడగా ఉందా? వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఫ్లేర్ టైమ్‌కి మీ చేతులు ఆ తేడాని సరిచేసే పనిలో ఉంటాయి, మెత్తగా దింపే పనిలో ఉండవు. ఎయిర్‌లైన్స్‌లో మేఘాలుంటే 1,000 అడుగులకి, ఆకాశం నిర్మలంగా ఉంటే 500 అడుగులకి ఇవన్నీ కుదరాలి, లేకపోతే గో-అరౌండ్ చేయాలని నియమం పెట్టుకుంటారు. సిమ్యులేటర్‌లో గో-అరౌండ్ చేసేవాళ్ళని నేను దాదాపు చూడలేదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫ్రీగా నేర్చుకునే అవకాశం ఉన్నచోట నేర్చుకోకపోతే ఎలా?

దిగే రేటు ఎంత ఉండాలో గుర్తుంచుకోవడం సులువు. గ్రౌండ్ స్పీడ్‌ని సగం చేసి చివర సున్నా పెట్టండి: 140 అయితే 70, అంటే నిమిషానికి 700 అడుగులు. మూడు డిగ్రీల వాలులో దిగే మామూలు దారికి ఇది సరిపోతుంది. ఎత్తు కూడా అంతే, రన్‌వే ఇంకా ఎన్ని నాటికల్ మైళ్ళుందో దాన్ని 300తో గుణిస్తే చాలు. కానీ ఇక్కడ ఒక విషయం కొత్తవాళ్ళని బాగా తికమక పెడుతుంది. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. పది మైళ్ళ దూరంలో మీరు ఉండాల్సింది రన్‌వే కంటే 3,000 అడుగుల పైన, కాబట్టి ఆల్టిమీటర్‌లో 5,000 పైచిలుకు కనపడాలి. గన్నవరంలో ఈ తేడా వంద అడుగులు కూడా ఉండదు. గన్నవరానికి అలవాటు పడ్డ అంకెలతో శంషాబాద్ వస్తే ఎంత కిందకు దిగిపోతారో మీరే ఊహించుకోండి. ఇంకోటి, ఎత్తైన ప్రదేశంలో, ఎండాకాలం వేడిలో గాలి పలచబడుతుంది కాబట్టి మీటర్‌లో అదే స్పీడు కనపడినా నేల మీద అసలు వేగం ఎక్కువ ఉంటుంది, దానికి తగ్గట్టు దిగే రేటూ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం వాతావరణం పెట్టుకుని శంషాబాద్‌లో ఒకసారి, జనవరి తెల్లవారుజామున పెట్టుకుని మరోసారి దింపి చూడండి, చేతికే తేడా తెలుస్తుంది.

ఆటోపైలట్ గురించి. చాలామంది దాన్ని 200 అడుగుల దగ్గర తీసేస్తారు. అప్పటిదాకా విమానం ఎలా స్పందిస్తోందో చేతికి తెలియదు, ఒక్కసారిగా జాయ్‌స్టిక్ చేతిలోకి వస్తుంది, అక్కడినుంచి ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. 2,000 అడుగుల దగ్గరే తీసేయండి. చిన్న చిన్నగా కదపండి, వదలండి, ఏం జరిగిందో చూడండి, మళ్ళీ కదపండి. ఎ320లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే జాయ్‌స్టిక్ వదిలేస్తే విమానం ఆ దారిలోనే తనంతట తాను నిలబడటానికి చూస్తుంది, మనం ఊరికే కెలికితే దాని పనికి అడ్డం పడ్డట్టే.

ఇప్పుడు ఫ్లేర్‌కి వద్దాం. ఎ320లో ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ట్వంటీ, టెన్ అని గొంతు వినపడుతుంది కదా. దాన్ని ఎత్తు చెప్పే గొంతుగా మాత్రమే వినకండి, పాటకు వేసే తాళంలా వినండి. నిమిషానికి 700 అడుగులతో దిగుతుంటే పది అడుగులు దిగడానికి సెకను కంటే కాస్త తక్కువ పడుతుంది. ఫిఫ్టీకి ఫార్టీకి మధ్య ఆ సమయం దొరికిందంటే అంతా బాగున్నట్టు. గబగబా పలికిందంటే మీరు వేగంగా కిందకు వస్తున్నారు, ఒక క్షణం ముందే లాగడం మొదలుపెట్టాలి. థర్టీ దగ్గర మెల్లగా వెనక్కి లాగారు, ట్వంటీకి టెన్‌కి మధ్య సమయం సాగింది, అంటే ఫ్లేర్ పని చేస్తోంది, చెయ్యి అక్కడే ఉంచండి, ఇంకా లాగకండి. ట్వంటీ తర్వాత 'రిటార్డ్' అని వినపడుతుంది, ఇంజిన్ పవర్ మార్చే థ్రస్ట్ లీవర్లు ఐడిల్‌కి తెచ్చేయాలి. థర్టీ నుంచి చక్రాలు ఆనేదాకా మొత్తం నాలుగైదు సెకన్ల పని, అంతే.

ఎ320లో ఇంకో ప్రత్యేకత ఉంది. 50 అడుగుల దగ్గర కంప్యూటర్ అప్పటి ముక్కు కోణాన్ని గుర్తుపెట్టుకుంటుంది, 30 అడుగుల నుంచి ముక్కుని మెల్లమెల్లగా కిందకు దించడం మొదలుపెడుతుంది. పైలట్ సహజంగా వెనక్కి లాగాలనిపించేలా కావాలనే అలా చేశారు. కాబట్టి ఆ దశలో జాయ్‌స్టిక్ వదిలేస్తే ముక్కు వాలిపోతుంది, దభీమని పడతారు. ఫెనిక్స్, ఫ్లైబైవైర్ లాంటివాళ్ళు సిమ్యులేటర్ కోసం చేసిన మంచి ఎ320 లలో ఇది బాగా తెలుస్తుంది. 737లో ఇలాంటిది లేదు, అక్కడ 20 అడుగుల దగ్గర రెండు మూడు డిగ్రీలు ఎత్తితే చాలు, కానీ పవర్ తీసేటప్పుడు ముక్కు కిందకు వాలుతుంది కాబట్టి రెండు పనులూ కలిపి తాపీగా చేయాలి.

కళ్ళు ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. 100 అడుగుల దాకా మీ చూపు రన్‌వే మొదట్లో ఉండే ఆ రెండు వెడల్పాటి తెల్ల పట్టీల మీద ఉండాలి. పక్కన, మీ ఎత్తు సరిగ్గా ఉందో లేదో చెప్పే పాపి లైట్లు రెండు తెలుపు, రెండు ఎరుపు కనపడాలి. ఆ పట్టీలు విండ్‌షీల్డ్‌లో పైకీ కిందికీ జరగకుండా ఒకేచోట నిలబడి పెద్దవవుతుంటే మీరు సరిగ్గా అక్కడికే వెళ్తున్నట్టు. ఫ్లేర్ మొదలవ్వగానే చూపు ఎత్తి రన్‌వే అవతలి చివరకు పంపేయండి. సైకిల్ నేర్చుకునేటప్పుడు ముందు చక్రం వైపు చూడకు, దూరంగా చూడు అంటారే, అచ్చం అలాగే. దగ్గరగా చూస్తే నేల మీదకు దూసుకొస్తున్నట్టు అనిపించి గట్టిగా లాగేస్తారు.

నిజం పైలట్‌కి ఉండి మనకు లేనివి రెండు: ఒంటికి తెలిసే కదలిక, కంటి కొసల్లో పరుగెత్తే నేల. మొదటిది మన చేతిలో లేదు. రెండోది కొంతవరకు ఉంది. మీటర్లన్నీ కనపడాలని వ్యూని బాగా జూమ్ అవుట్ చేసి పెట్టుకుంటారు, దాంతో రన్‌వే అగ్గిపుల్లంత అయిపోతుంది, ఎత్తు అంచనా పోతుంది. ఫైనల్‌లోకి, అంటే రన్‌వేకి వరసలోకి రాగానే కాస్త జూమ్ ఇన్ చేసి, సీటు ఎత్తు సరిచేసి, రోజూ అదే వ్యూలో దింపండి. రోజుకో వ్యూ పెడితే కళ్ళు ఎప్పటికీ నేర్చుకోవు. రన్‌వే వెడల్పు కూడా మోసం చేస్తుంది, వెడల్పాటి రన్‌వే చూస్తే బాగా కిందకు వచ్చేశామనిపించి పైనే ఫ్లేర్ చేస్తాం, సన్నటిదైతే ఇంకా ఎత్తులో ఉన్నామనుకుని ఆలస్యం చేస్తాం. అందుకే చివరి మాట ఆ గొంతుదే, కంటిది కాదు.

కంప్యూటర్ సంగతి కూడా చూసుకోండి. పెద్ద ఎయిర్‌పోర్టు దగ్గరకు రాగానే ఫ్రేమ్ రేటు పడిపోతే మీరు లాగినది కాస్త ఆలస్యంగా స్క్రీన్ మీద కనపడుతుంది, ఆ లోపు ఇంకా లాగేస్తారు. ట్రాఫిక్ తగ్గించండి, సీనరీ వివరాలు ఒక మెట్టు దించండి. అందమైన బిల్డింగుల కంటే ఆగకుండా కదిలే రన్‌వే ముఖ్యం. ఖరీదైన జాయ్‌స్టిక్ అక్కర్లేదు, మామూలు లాజిటెక్‌తో చక్కగా దింపేవాళ్ళున్నారు. కాకపోతే మధ్యలో డెడ్ జోన్ (కదిపినా విమానం స్పందించని భాగం) బాగా తగ్గించండి, సెన్సిటివిటీ మరీ మొద్దుగా పెట్టకండి.

బరువు చాలామంది మర్చిపోతారు. అరగంట ఫ్లైట్‌కి ట్యాంకులు నిండా ఇంధనం నింపి బయల్దేరితే దిగేటప్పుడు గరిష్ఠ ల్యాండింగ్ బరువు దాటేసి ఉంటారు, స్పీడు ఎక్కువ కావాలి, ఫ్లేర్‌కి విమానం బద్ధకంగా లేస్తుంది. తప్పు చేతిదనుకుంటారు.

పక్క గాలి వచ్చిందంటే టెన్షన్ పడకండి. 20 నాట్ల పక్క గాలికి ముక్కు సుమారు 8 డిగ్రీలు గాలి వైపు తిరిగి ఉంటుంది, అలాగే రానివ్వండి. ఫ్లేర్‌లో తోక మీది రడ్డర్‌తో ముక్కుని రన్‌వే వైపు తిప్పండి, గాలి వైపు రెక్క లేవకుండా జాయ్‌స్టిక్‌ని కొంచెం అటు పట్టి ఉంచండి. వాన పడి రన్‌వే తడిసి ఉంటే మాత్రం మెత్తదనం పూర్తిగా మర్చిపోండి. నీటి పొరని చీల్చుకుని చక్రాలు గట్టిగా ఆనాలి, అప్పుడే తిరుగుతాయి, రెక్కల మీది స్పాయిలర్లు లేస్తాయి, బ్రేకులు పట్టుకుంటాయి. విమానం ఎక్కినప్పుడు వానలో కాస్త గట్టిగా దిగితే పైలట్‌కి చేతకాలేదు అంటుంటారు పక్క సీటువాళ్ళు. ఆయన కావాలనే అలా దింపి ఉంటాడు.

సాధనకి నేను చెప్పేది ఇదీ. గన్నవరం రన్‌వేకి ఎనిమిది మైళ్ళ దూరంలో, సరైన ఎత్తులో, సరైన బరువుతో, గాలి లేకుండా ఒక ఫ్లైట్ సేవ్ చేసుకోండి. ల్యాండింగ్ రేటు చూపించే ప్రోగ్రాం ఆపేయండి. దింపిన ప్రతిసారీ రీప్లే బయటి కెమెరాలోంచి చూసి, చక్రాలు ఆ తెల్ల పట్టీల నుంచి ఎంత దూరంలో ఆనాయో, సెంటర్ లైన్‌కి ఎంత పక్కన ఆనాయో రాసుకోండి. వరసగా పట్టీల దగ్గరే పడుతున్నాయని నమ్మకం కుదిరాక పక్క గాలి కలపండి, ఆ తర్వాత రాత్రి, ఆ తర్వాత వాన, చివరికి మంగళూరు. అప్పుడు ఆ అంకె మళ్ళీ ఆన్ చేసుకోండి. 150కి అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని ఇంకా తగ్గించాలని మాత్రం చూడకండి.

ఇక్కడ ల్యాప్‌టాప్‌లో ఆ గన్నవరం ఫ్లైట్ సేవ్ చేసి ఉంచాను, జాయ్‌స్టిక్ కూడా పెట్టాను. ప్రశ్నలు అడుగుతూనే ఒక్కొక్కరు వచ్చి దింపండి, స్క్రీన్ మీద అందరం చూద్దాం.